ఎంసీసీ నీట్ పీజీ కౌన్సెలింగ్ పోర్టల్ రివ్యూ: వాడే ముందు తెలియాల్సినవి

ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఎంఎస్ సీట్ల కోసం రాసే నీట్ పీజీ ర్యాంకు చేతికొచ్చాక ఎవరు రేడియాలజిస్టు అవుతారు, ఎవరు ఎనస్థీషియాలో చేరతారు, ఎవరు మరో ఏడాది పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు అన్నది తేల్చేది ఒక వెబ్‌సైటు. కేంద్ర ఆరోగ్య శాఖ కింద పనిచేసే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అందరూ పిలిచే పేరు ఎంసీసీ, దాన్ని నడుపుతుంది. ప్రభుత్వ కాలేజీల్లో ఆల్ ఇండియా కోటా 50 శాతం పీజీ సీట్లు, సెంట్రల్, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు, జాతీయ పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) నడిపే డీఎన్‌బీ కోర్సు సీట్లు ఇక్కడే భర్తీ అవుతాయి. ఎయిమ్స్, జిప్మర్, చండీగఢ్ పీజీఐ, నిమ్హాన్స్ ఇందులో ఉండవు, వాటికి ఐఎన్‌ఐ సెట్ అనే వేరే పరీక్ష ఉంది. ఉస్మానియా, గాంధీ, ఆంధ్రా మెడికల్ కాలేజీ లాంటి చోట్ల మిగతా సగం సీట్లు కాళోజీ, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీల రాష్ట్ర కౌన్సెలింగ్‌లోకి వెళ్తాయి.

సీట్లు పంచే పని ఈ పోర్టల్ నిక్కచ్చిగా చేస్తుంది. టైమ్‌టేబుల్, సమాచారం దగ్గరికొచ్చేసరికి పాస్ మార్కులు వేయడానికి కూడా చెయ్యి రాదు.

ముందు బాగున్న సంగతి. సాఫ్ట్‌వేర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరు తమ ఇష్టం ప్రకారం వరుసగా పెట్టిన కాలేజీ, బ్రాంచి ఆప్షన్ల జాబితా తీసుకుని పైనుంచి కిందికి చూస్తుంది. మీ కేటగిరీకి ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగి, ఆ సీటు ఇచ్చేస్తుంది. అంతకుమించి అందులో తెలివేమీ లేదు, ఉండక్కర్లేదు కూడా. అందుకే "ఎలాగూ రాదు కదా, వచ్చేది పైన పెడదాం" అనుకుని జాబితా కట్టినవాళ్లు చేజేతులా నష్టపోతారు. రాని సీటును మొదటి ఆప్షన్‌గా పెట్టినా పోయేదేమీ లేదు, అది దాటి రెండోది చూస్తుంది. వచ్చే సీటును ఇష్టమైనదాని కంటే పైన పెడితే మాత్రం కిందవాటి వంక చూడనే చూడదు. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు కాబట్టి పిసినారితనం అక్కర్లేదు. అయితే వస్తే చేరతాం అనుకున్నవే పెట్టండి.

ప్రతి రౌండుకూ ఆప్షన్లు కొత్తగా పెట్టుకోవాలి, మొదటి రౌండు జాబితా రెండో రౌండుకు పనికిరాదు. లాక్ చేయడం మర్చిపోతే గడువు ముగిశాక చివరిసారి సేవ్ చేసిన జాబితా దానంతటదే లాక్ అవుతుంది. సగం సర్దిన జాబితాను సేవ్ చేసి నిద్రపోతే తెల్లారేసరికి అదే ఖాయమవుతుంది. సర్వర్ నెమ్మదించేది కూడా చివరి రోజు రాత్రే కనుక, జాబితాను ముందే ఎక్సెల్‌లో సిద్ధం చేసుకుని ఒక రోజు ముందు ఎక్కించేయడం మేలు.

రెండో రౌండు సీట్ల పట్టికలో రెండు రకాల ఖాళీలు కనిపిస్తాయి. క్లియర్ వేకెన్సీ అంటే ఇప్పటికే ఖాళీగా ఉన్న సీటు. వర్చువల్ వేకెన్సీ అంటే అందులో ఉన్న విద్యార్థి అప్‌గ్రేడ్ అడిగాడు, అతనికి పైది వస్తే ఇది ఖాళీ అవుతుంది. చాలామంది క్లియర్ సీట్లు మాత్రమే చూసి ఆప్షన్లు పెడతారు. మంచి బ్రాంచీలు రెండో రౌండులో ఎక్కువగా కదిలేది వర్చువల్ సీట్ల గొలుసులోనే.

అప్‌గ్రేడ్ అడిగినవాళ్లకు ఇంకో జాగ్రత్త. కొత్త జాబితాలో ఏది వచ్చినా పాత సీటు ఆటోమేటిక్‌గా రద్దవుతుంది, వెనక్కి అడిగే వీల్లేదు. చేతిలో ఉన్న సీటు ఎంత మంచిదో పోర్టల్‌కు తెలియదు. దానికంటే తక్కువ ఇష్టమైన సీటు ఒక్కటి జాబితాలో దూరినా, అదే అంటగడుతుంది. కాబట్టి అప్‌గ్రేడ్ జాబితా చిన్నదిగా, ఉన్నదానికంటే కచ్చితంగా మెరుగైనవాటితోనే ఉండాలి.

ఇక డబ్బు. ఆల్ ఇండియా కోటాకు జనరల్ అభ్యర్థి తిరిగి రాని ఫీజు 1,000, తిరిగొచ్చే డిపాజిట్ 25,000 రూపాయలు కట్టాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 500, 10,000. డీమ్డ్ సీట్లు కూడా కావాలంటే అందరికీ ఒకటే లెక్క, ఫీజు 5,000, డిపాజిట్ 2,00,000. మొదటి రౌండులో సీటొచ్చి చేరకపోయినా డిపాజిట్ పోదు, దీన్నే ఫ్రీ ఎగ్జిట్ అంటారు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండు సీట్లో చేరాక రాజీనామా కుదరదు. మిగిలిన సీట్లకు చివర్లో జరిగే స్ట్రే రౌండులో సీటొచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడంతో పాటు పరీక్ష రాయకుండా డిబార్ చేస్తారు. అంటే రౌండు దాటేకొద్దీ ఆప్షన్ బరువు పెరుగుతుంది. మొదటి రౌండులో ఆశ కొద్దీ పెట్టిన డీమ్డ్ సీటుతో పెద్దగా ప్రమాదం లేదు. అదే సీటు రెండో రౌండులో వచ్చి, ఏడాదికి పాతిక లక్షల ఫీజు చూసి ఇంట్లోవాళ్లు వెనక్కి తగ్గితే రెండు లక్షలు గంగలో కలిసినట్టే.

డిపాజిట్ ఏ ఖాతా లేదా కార్డు నుంచి కడితే దానికే తిరిగొస్తుంది. నెట్ సెంటర్ వాళ్ల కార్డుతోనో, స్నేహితుడి ఖాతా నుంచో కడితే తర్వాత వాళ్ల వెంట పడాల్సిందే. రిఫండ్ రౌండ్లన్నీ ముగిశాక గానీ కదలదు, అప్పటిదాకా ఆ ఖాతా మూయకండి.

రిపోర్టింగ్ రోజు కాలేజీకి స్వయంగా వెళ్లాలి, గడువు కొద్ది రోజులే. హైదరాబాద్ నుంచి దిబ్రూగఢ్ వెళ్లాలన్నా అంతే. చేరేటప్పుడు కాలేజీ వాళ్లు పోర్టల్‌లో మీ పేరు మీద అప్‌గ్రేడ్‌కు ఇష్టమా కాదా అన్నది నమోదు చేస్తారు. అక్కడి ఆపరేటర్ పొరపాటున "లేదు" అని కొడితే తర్వాతి రౌండు తలుపు మూసుకున్నట్టే. అడ్మిషన్ లెటర్ ప్రింట్ చేతికి రాగానే ఆ గడి చూసుకోకుండా ఆఫీసు గది దాటకండి. ఆ లెటరైనా, రాజీనామా చేస్తే ఇచ్చే రిలీవింగ్ లెటరైనా ఎంసీసీ పోర్టల్ నుంచి వచ్చి ఉండాలి. కాలేజీ స్టాంపు వేసి చేతిరాతతో ఇచ్చిన కాగితం చెల్లదు. రాజీనామా చేశామనుకుని ఇంటికొచ్చేసి, పోర్టల్‌లో ఇంకా చేరినట్టే ఉండటంతో రాష్ట్ర కౌన్సెలింగ్‌లో అనర్హులయ్యేది ఇలాగే.

తెలుగు రాష్ట్రాల బీసీ విద్యార్థులు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది సర్టిఫికెట్. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఉన్నా, మీ సేవలో రాష్ట్ర అవసరానికి తీసుకున్న కుల ధ్రువీకరణ ఇక్కడ చెల్లదు. కేంద్ర ఫార్మాట్‌లో, నాన్ క్రీమీలేయర్ అని రాసి ఉన్నది కావాలి. ఈడబ్ల్యూఎస్ వాళ్లకు సరైన ఆర్థిక సంవత్సరం పేరుతో తాజా సర్టిఫికెట్ ఉండాలి. తహసీల్దార్ ఆఫీసులో సంతకానికి వారం పట్టొచ్చు, రిపోర్టింగ్ గడువు దాని కోసం ఆగదు.

సమాచారం విషయంలో పోర్టల్ అసలు బలహీనత బయటపడుతుంది. బ్రాంచి పేరు, కాలేజీ పేరు, కోటా చూపిస్తుంది. కాలేజీ ప్రొఫైల్‌లో ఫీజు, స్టైపెండ్, బాండు వివరాలు ఉంటాయి కానీ అవి కాలేజీ నింపినవి. కొన్ని ఖాళీగా, కొన్ని పాతవిగా ఉంటాయి. బాండు చిన్న విషయం కాదు. పశ్చిమ బెంగాల్‌లో పీజీ చేసినవాళ్లు మూడేళ్లు ప్రభుత్వ సర్వీసు చేయాలి లేదా 30 లక్షలు కట్టాలి అన్న షరతు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019లో కోర్టు బాండ్లను సమర్థించింది. కోర్సు తర్వాత చేసే సర్వీసు బాండు ఒకటి, మధ్యలో మానేస్తే కట్టే సీట్ లీవింగ్ బాండు మరొకటి. రెండూ విడివిడిగా అడగాలి, కాలేజీ అకడమిక్ సెక్షన్‌కు ఫోన్ చేసి, వీలైతే అక్కడ చదువుతున్న రెండో ఏడాది పీజీని పట్టుకుని. రోగుల తాకిడి ఎంత, రెండో ఏడాదికి స్వయంగా ఎన్ని కేసులు చేయనిస్తారు, స్టైపెండ్ నెలనెలా పడుతుందా అన్నవి ఏ ప్రొఫైల్‌లోనూ ఉండవు.

కోర్సు పేర్ల దగ్గరా తికమక ఉంది. మూడేళ్ల డీఎన్‌బీ, రెండేళ్ల ఎన్‌బీఈఎంఎస్ డిప్లొమా జాబితాలో పక్కపక్కనే కనిపిస్తాయి. డీఎన్‌బీ ఎండీకి సమానం, దానితో సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాయొచ్చు. డిప్లొమాతో రాయడం కుదరదు, తర్వాత మరో పరీక్ష రాసి రెండేళ్ల పోస్ట్ డిప్లొమా డీఎన్‌బీ చేయాలి. రాత్రి పన్నెండుకు మూడొందల ఆప్షన్లు ఎక్కిస్తూ ఈ తేడా చూడకపోవడం వింతేం కాదు.

బ్రాంచి ముందా, కాలేజీ ముందా అన్న ప్రశ్నకు మా జవాబు: చేసే పని తలుచుకుని బ్రాంచి తేల్చండి, కాలేజీ ఆ తర్వాత. కార్డియాలజీ మీద మనసుంటే జనరల్ మెడిసిన్ దారి కావాలి, పేరున్న కాలేజీలో డెర్మటాలజీ వచ్చినా అది అటు తీసుకెళ్లదు. రేడియాలజీకి గిరాకీ నిజమే, సొంత స్కానింగ్ సెంటర్ పెట్టాలంటే మెషీన్ ఖర్చు, గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్, గర్భిణుల స్కాన్లకు నింపాల్సిన ఫారం ఎఫ్ రికార్డులు కూడా నిజమే. డెర్మటాలజీకి ఒక ఓపీ గదితో మొదలుపెట్టొచ్చు. సర్జరీలో పేరు రావడానికి పీజీ తర్వాత కూడా ఏళ్లు పడుతుంది. ఏటా చివరిదాకా మిగిలిపోయేవి ఎక్కువగా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వంటి నాన్ క్లినికల్ సీట్లు. టీచింగ్ నిజంగా ఇష్టమైనవాళ్లకు అవి మంచి ఎంపికే. ఖాళీ ఉందని చేరి ఏడాదికే వదిలేసేవాళ్లకు సీట్ లీవింగ్ బాండు గుర్తొచ్చేది అప్పుడు.

జాబితా కోసం ఎంసీసీ సైటులోనే పాత అలాట్‌మెంట్ పీడీఎఫ్‌లు ఉన్నాయి. ఈ సేవలో ఉచితంగా దొరికే అత్యంత విలువైన వస్తువు అదే. గత రెండేళ్లవి ఎక్సెల్‌లోకి తీసుకుని మీ కేటగిరీ, కోటా ఫిల్టర్ చేసి, ఒక్కో సీటు మూడు రౌండ్లలో ఏ ర్యాంకు దగ్గర ఆగిందో రాసుకోండి. ర్యాంకు 15,000 అయితే 8,000 నుంచి 22,000 దాకా చూడటం సబబు. అదే కాలేజీ సీటుకు రాష్ట్ర కోటా కటాఫ్ పక్క గడిలో వేసుకుంటే ఆల్ ఇండియా రెండో రౌండులో చేరాలా, రాష్ట్ర జాబితా దాకా ఆగాలా అన్నది తేల్చుకోవచ్చు. ఒక ఏడాది కటాఫ్‌ను మాత్రం నమ్ముకోవద్దు, కొత్త సీట్లు చేరినప్పుడల్లా అంకెలు జరుగుతాయి.

ఆ కొత్త సీట్లు మధ్యలో చేరడమే ఈ వ్యవస్థకు పాత జబ్బు. నీట్ పీజీ 2021లో మొదటి రెండు రౌండ్లలో లేని 146 సీట్లు, మిగిలిన సీట్లు నింపే మాప్ అప్ రౌండులో కలిశాయి. మంచి ర్యాంకుతో ముందే చేరిపోయినవాళ్లకు ఆ అవకాశం లేకపోయింది. 2022 మార్చి 31న సుప్రీంకోర్టు ఆ రౌండునే రద్దు చేసి ఆ సీట్లకు ప్రత్యేక రౌండు పెట్టమంది. అదే ఏడాది జూన్‌లో 1,456 సీట్లు మిగిలిపోయినా ఇంకో రౌండుకు కోర్టు ఒప్పుకోలేదు. 2023లో మూడో రౌండుకు అర్హత పర్సంటైల్‌ను సున్నాకు దించారు. 2025లో పరీక్ష ఆగస్టు 3న, ఫలితాలు అదే నెల 19న వచ్చాయి, కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ మొదలయ్యేసరికి అక్టోబరు. ఇంటర్న్‌షిప్ అయిపోయి జీతం లేకుండా ఎదురుచూసే పిల్లలకు ఆ రెండు నెలలు తేలిగ్గా గడవవు. అందుకే ర్యాంకు వచ్చిన వారంలోనే డ్యూటీ డాక్టరు ఉద్యోగమేదైనా చూసుకోవడం మేలు. నోటీసు పీరియడ్ లేనిది, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడగనిది అయితే చాలు.

పోర్టల్ సలహా ఇవ్వదు కాబట్టి ఆ ఖాళీలో డబ్బు తీసుకునే ప్రైవేటు కౌన్సెలర్లు పుట్టుకొచ్చారు. కొందరు ఆప్షన్ల జాబితా కట్టి ఇస్తారు, అది పైన చెప్పిన పీడీఎఫ్ పనే. లాగిన్ పాస్‌వర్డ్, ఓటీపీ అడిగేవాళ్ల జోలికి పోవద్దు. లాక్ చేసిన ఆప్షన్లకు ఎంసీసీ దృష్టిలో బాధ్యులు మీరే. "మేనేజ్‌మెంట్ సీటు బ్లాక్ చేసి పెడతాం" అని అడ్వాన్సు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి, ఆ సీట్లూ నీట్ మెరిట్ మీద కౌన్సెలింగ్‌లోనే నిండాలి.