ఆటోఇమ్యూన్ హెపటైటిస్: 1999 స్కోరా, 2008 స్కోరా, ఏది మేలు?

మన ఇమ్యూనిటీనే మన లివర్ మీద పడే ఈ జబ్బు ఒక్క టెస్టుతో తేలదు, అందుకే డాక్టర్లు పాయింట్లు వేసి చూస్తారు. వాడుకలో ఉన్నవి రెండు, 1999లో సవరించిన పెద్ద స్కోరు, 2008లో వచ్చిన సింపుల్ స్కోరు.

సింపుల్‌ దాంట్లో చూసేవి నాలుగే: యాంటీబాడీలు (సొంత కణాల మీదే పనిచేసేవి), ఐజీజీ (రక్తంలో యాంటీబాడీ ప్రోటీన్ మోతాదు), బయాప్సీ (లివర్ ముక్క తీసి చూడటం), వైరల్ హెపటైటిస్ లేకపోవడం. ఒక్కోదానికి గరిష్ఠంగా 2, మొత్తం 8. 6 వస్తే బహుశా ఇదే, 7 ఆపైన వస్తే ఖాయం. ఓపీలో చకచకా వేసేయొచ్చు. కాకపోతే బయాప్సీ వద్దనుకుంటే మిగతావన్నీ ఫుల్లుగా వచ్చినా 6 దగ్గరే ఆగిపోద్ది, ఖాయం అనే మాట రాదు.

పెద్ద స్కోరులో ఆడా మగా, మద్యం అలవాటు, వేరే ఆటోఇమ్యూన్ జబ్బులు, ఇలా చాలా అడుగుతారు, విసుగే. కానీ అందులో ఉన్న ఒక్క ప్రశ్న కోసమే నేను దాన్ని వదలను: ఈ మధ్య లివర్‌కి పడని మందులేమైనా వాడారా? లేదంటే +1, అవునంటే ఏకంగా -4.

ఒక ఆవిడ ఉందనుకోండి, ఏఎన్ఏ (ఆ యాంటీబాడీల్లో ఒకటి) 1:40, అంటే తక్కువే, ఐజీజీ కొంచెమే ఎక్కువ, వైరస్ లేదు, ఆల్కహాల్ లేదు, ఏఎల్పీ (ఒక లివర్ ఎంజైమ్) పెద్దగా పెరగలేదు, బయాప్సీ అచ్చం ఈ జబ్బులాగే ఉంది. సింపుల్‌లో 6, పెద్దదాంట్లో 17, అంటే ఖాయం (15 దాటాలి). ఇప్పుడు ఆవిడ ఇమ్యూనిటీ కోసమని నెలల తరబడి తిప్పతీగ కషాయం తాగిందని తెలిసింది, పెద్ద స్కోరు 12కి పడిపోతుంది, సింపుల్‌ది మాత్రం 6 దగ్గరే ఉంటుంది, దానికి ఆ సంగతే పట్టదు! కోవిడ్ టైంలో తిప్పతీగ వాడినవాళ్లకి అచ్చం ఇలాంటి లివర్ దెబ్బే తగిలిన కేసులు 2021లో ముంబై నుంచి రిపోర్టయ్యాయి, టీబీకిచ్చే ఐసోనియాజిడ్‌తో, యూరిన్ ఇన్ఫెక్షన్‌కిచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్‌తో కూడా ఇలా అవ్వచ్చు.

హఠాత్తుగా కామెర్లతో వచ్చినవాళ్లలో కూడా పెద్దదే నయం, ఎందుకంటే అప్పుడు ఐజీజీ నార్మల్‌గా ఉండొచ్చు, యాంటీబాడీలు తక్కువ రావచ్చు, సింపుల్‌ది వాళ్లని వదిలేస్తుంది.

రిపోర్టులు క్లియర్‌గా ఉంటే సింపుల్‌ది చాలు, అనుమానం ఉన్నచోట మాత్రం 1999దే నా ఓటు. స్టెరాయిడ్ మొదలెట్టాక కూడా దాన్ని మళ్లీ వేయొచ్చు, బాగా తగ్గితే +2, తగ్గి మళ్లీ తిరగబెడితే +3, అప్పుడు ఖాయం అనాలంటే 17 దాటాలి.