పీక్ డిస్ట్రిక్ట్ సైకిల్ యాత్ర: దారులు బంగారం, ఒక్క బస తప్ప

ఇంగ్లండ్ పల్లెల్లో సైకిల్ మీద తిరగాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక్క మాట. గది బుక్ చేసేటప్పుడు సైకిళ్ళు ఎక్కడ పెడతారో అడగండి, జవాబు మెయిల్‌లోనే రాయించుకోండి, ఆ మెయిల్ దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాటని నమ్మొద్దు. డెర్బీషైర్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నేను, మా ఆవిడ, వేసవికి గుంటూరు నుంచి మా ఇంటికొచ్చిన బావమరిది చేసిన యాత్రలో మాకు మిగిలిన కోపమంతా ఈ ఒక్క విషయం మీదే.

మాన్సల్ లోయ పైన ఉన్న ఒక ఊళ్ళో పాతకాలపు పబ్. కింద బార్, పైన గదులు. రెండు గదులకి బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి 210 పౌండ్లు. మన లెక్కలో ఇరవై వేల పైమాటే. సైకిళ్ళకి తాళం వేసే షెడ్డు ఉందని మెయిల్‌లో రాశారు కాబట్టే అంత పెట్టాం. మా ఆవిడ తొక్కేది డెర్బీలో రోజుకి 45 పౌండ్లకి అద్దెకి తీసుకున్న ఎలక్ట్రిక్ సైకిల్. పోతే దాని ఖరీదంతా మేమే కట్టాలి. వానలో తడుస్తూ ఎనిమిదీ పదికి చేరాం. షెడ్డు ఎక్కడని అడిగితే ఓనర్ మమ్మల్ని వంటింటి వెనక పెరట్లోకి తీసుకెళ్ళాడు. షెడ్డయితే ఉంది, దాని నిండా బీరు పీపాలు. మా సైకిళ్ళకి మాత్రం చెత్త డబ్బాల పక్కన గోడకి బిగించిన ఒక ఇనుప కొక్కెం చూపించాడు. పైన కప్పు లేదు, పెరటికి గేటు లేదు. ‘ఇక్కడ దొంగలుండరు’ అని చెప్పి లోపలికెళ్ళిపోయాడు.

తిండి సంగతి ఇంకా అన్యాయం. కిచెన్ ఎనిమిదింటికే మూసేశారట. మెయిల్‌లో ఆ ముక్క లేదు. బ్రెడ్డయినా కాల్చి ఇస్తారా అని మా ఆవిడ అడిగింది, కుదరదన్నారు. మూడు చిప్స్ ప్యాకెట్లు కొనుక్కున్నాం, నాలుగున్నర పౌండ్లు. ముందురోజు క్రామ్‌ఫర్డ్ దారిలో తిన్న పులిహోర కొంచెం డబ్బాలో మిగిలి ఉంటే గదిలో కూర్చుని ముగ్గురం పంచుకున్నాం. రాత్రంతా వాన. బావమరిది గది కిటికీ పెరటి వైపే ఉంది, గంటకోసారి లేచి చూశాడట. మా ఆవిడ పడుకునేముందు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం నాకు వానకంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

పొద్దున బిల్లు చూస్తే ‘సైకిల్ స్టోరేజీ, ఒక్కోదానికి 10 పౌండ్లు’ అని ముప్ఫై వేశారు. వానలో నానబెట్టినందుకు ముప్ఫై పౌండ్లు! నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఫోన్లో ఆ మెయిల్ తీసి కౌంటర్ మీద పెట్టింది. ‘షెడ్డు ఏది? చార్జీ అని ఎక్కడ రాశారు?’ అని అడిగి ఊరుకుంది. పక్కన ఇంకో ఇద్దరు అతిథులు నిలబడి వింటున్నారు. ఓనర్ ఇరవై తీసేశాడు. మిగతా పది తీయడం తన చేతిలో లేదన్నాడు, సొంత పబ్‌లో నిలబడి. ఆ పది పౌండ్లు మేం కట్టాం. నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

దానికి ముందు రాత్రి హార్టింగ్టన్ హాల్‌లో ఉన్నాం. పదిహేడో శతాబ్దపు రాతి భవంతి, ఇప్పుడు యూత్ హాస్టల్. ముగ్గురికీ ఒకే గది, 78 పౌండ్లు. సైకిళ్ళకి తాళం గది ఉంది, తడి బట్టలు ఆరేసుకోవడానికి వేడి గది ఉంది. అదనంగా పైసా అడగలేదు. హాస్టల్ అంటే కాలేజీ కుర్రాళ్ళకి అనుకుంటారు మనవాళ్ళు. పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలే ఎక్కువ కనిపించాయి మాకు. నన్నడిగితే సైకిల్ వేసుకొచ్చినవాళ్ళకి అందమైన పబ్ గదికన్నా ఇదే నయం.

ఇక దారులు. బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ ఈ పీక్ డిస్ట్రిక్టే, 1951లో. కొండలే అయినా కుటుంబంతో తొక్కగలగడానికి కారణం పాత రైలు మార్గాలు. రైలింజను ఎత్తు ఎక్కలేదు కాబట్టి కొండని తొలిచి, లోయ మీద వంతెన కట్టి దారిని చదునుగా నడిపించారు. 1960ల్లో ఆ లైన్లు మూతపడ్డాక పట్టాలు పీకేసి నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి ఇచ్చేశారు. టిస్సింగ్టన్ ట్రెయిల్ 13 మైళ్ళు, హై పీక్ ట్రెయిల్ 17, మాన్సల్ ట్రెయిల్ ఎనిమిదిన్నర. కార్లు రావు.

మేం క్రామ్‌ఫర్డ్‌లో రైలు దిగి హై పీక్ ట్రెయిల్ ఎక్కాం. ఈ ఒక్క దారి మొదలు మాత్రం చదును కాదు. 1830 ప్రాంతంలో వేసిన ఈ లైన్లో వ్యాగన్లని కొండ పైన బిగించిన ఆవిరి యంత్రంతో, తాడు కట్టి పైకి లాగేవాళ్ళు. ఎనిమిది అడుగులు ముందుకెళ్తే దాదాపు ఒక అడుగు ఎత్తు. సామాన్లతో తొక్కలేక దిగి నెట్టుకుంటూ పోయాం. మిడిల్టన్ టాప్‌లో ఆ యంత్రం ఇప్పటికీ ఉంది, ఆగి చూడండి. అక్కణ్ణుంచి హార్టింగ్టన్ దాకా హాయిగా సాగిపోయింది.

రోజూ జిమ్‌కెళ్ళే బావమరిదికి ఆ చదును నచ్చలేదు. ‘బావా, కొండలన్నావు, ఏవీ?’ అని ఒకటే గోల. చివరి రోజు కాసిల్టన్‌లో విన్నాట్స్ పాస్ చూపించాను. రెండు వైపులా సున్నపురాయి గోడలు, మధ్యలో 20 శాతం దాటిన ఏటవాలు రోడ్డు, వెనకే హారన్ కొట్టే కార్లు. సామాను మా దగ్గర వదిలేసి వెళ్ళాడు, సగంలో దిగి నెట్టాడు, పైకైతే చేరాడు. దిగడం మామ్ టార్ కింద పాత రోడ్డు మీదుగా దిగాడు. కొండ జారుతూనే ఉందని 1979లో కార్లకి మూసేసిన రోడ్డది. తారు పొరలు మెట్లలా విరిగి, మధ్యలో తెల్లగీత ముక్కలైపోయి ఉంటుంది. సైకిల్ చేత్తో పట్టుకుని నడవాల్సిందే. కిందికొచ్చాక ఇంక గోల లేదు, కడుపు నిండా అన్నం అడిగాడు.

తిండి అంటే బేక్‌వెల్ గురించి చెప్పాలి. ఊరి పేరున్న పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, మా ఆవిడ ముట్టదు. సందులో ఉన్న చిన్న కెఫేలో డెర్బీషైర్ ఓట్‌కేక్ అని కనిపిస్తే బిస్కెట్ అనుకుని ఆర్డర్ చేశాం. వచ్చింది మన ఊతప్పంలాంటిది! ఓట్స్ పిండి, గోధుమపిండి, ఈస్టు కలిపి పులియబెట్టి పెనం మీద పోస్తారు. పైన సన్నటి చిల్లులు, అంచులు కాస్త కరకర, లోపల కరిగిన చీజ్, పుట్టగొడుగులు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. లేచెళ్ళి ఎలా చేస్తారని అడిగితే, అక్కడి పెద్దావిడ గిన్నె మూత తీసి బుడగలొస్తున్న పిండి చూపించింది, రాత్రే కలిపి పెడతానంది. ఒక్కోటి 7.95 పౌండ్లు. ముగ్గురం ఐదు తిన్నాం. ఈ యాత్రలో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదే.

తిన్నాక మాన్సల్ ట్రెయిల్. 2011లో సొరంగాలు తెరిచాక ఇది ఒక్క ఊపులో తొక్కే దారి అయింది. పొడుగు సొరంగాలు ఒక్కోటి దాదాపు 400 మీటర్లు, పగలు లోపల దీపాలుంటాయి. జూన్లో కూడా లోపల చలి, స్వెటర్ బ్యాగులో పైనే పెట్టుకోండి. హెడ్‌స్టోన్ వంతెన మీద నిలబడితే కింద వై నది వంపు. రైలు వేసి ఈ లోయని పాడు చేశారని ఆనాడు రచయిత జాన్ రస్కిన్ మండిపడ్డాడు. నాకు మాత్రం ఆ వంతెన లోయకే అందం అనిపించింది. వాన పడితే ఈ దారుల మీద సున్నపు దుమ్ము తెల్లటి ముద్దలా చైన్‌కి పట్టేస్తుంది. సీసాలో నీళ్ళతో కడిగి నూనె వేయకపోతే మర్నాటికి గియర్లు మారవు.

తిరుగు ప్రయాణం హోప్ స్టేషన్ నుంచి. లోకల్ రైల్లో రెండు సైకిళ్ళకే చోటు, మావి మూడు. మా ఆవిడ మొహంలో మళ్ళీ పబ్ రాత్రి కనిపించింది. గార్డు మా సైకిళ్ళ మీది బురద చూసి, నాలుగో మనిషి రాలేదు కదా అని నవ్వి, మూడోదాన్ని తన తలుపు దగ్గర నిలబెట్టించాడు. షెఫీల్డ్‌లో మారే పెద్ద రైల్లో సైకిల్ స్థలం ముందే బుక్ చేసుకోవాలి, దానికి డబ్బు అక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళు బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే మ్యాప్ కొనండి, వైట్ పీక్‌కి, అంటే దక్షిణాన ఉన్న సున్నపురాయి భాగానికి ఓఎల్24, కాసిల్టన్ వైపుకి ఓఎల్1. మ్యాప్‌లో రోడ్డు మీద ఒక బాణం గుర్తుంటే ఏటవాలు 14 శాతం పైన, రెండు బాణాలుంటే 20 పైన, బాణం మొన పల్లం వైపు. ట్రెయిల్ మీద నుంచి ఊళ్ళోకి దిగే రోడ్లలోనే ఇవి ఎక్కువ. అందుకే బస ట్రెయిల్‌కి దగ్గర్లో చూసుకోండి. అలిసిపోయి దిగితే, మర్నాడు ఇంకా వేడెక్కని కాళ్ళతో అదే ఎత్తు ఎక్కాలి.