పర్సోనా 5 రాయల్: ఫ్రీలాన్సర్ కి బయట డెడ్‌లైన్లు చాలవన్నట్టు

ముందే చెప్పేస్తున్నా, ఇది వంద గంటల గేమ్. నా సేవ్ ఫైల్ లో 118 గంటలు చూపిస్తోంది, అందులో ఓ పది గంటలు పాజ్ లో పడేసి "ఇంకో గంటలో పంపిస్తా సార్" అని ఫోన్ లో చెప్పినవే ఉంటాయి. నాది రాతపని. ఫ్రీలాన్స్ అంటే వినడానికి బావుంటుంది గానీ యూట్యూబ్ ఛానెళ్ళకి స్క్రిప్టులు, వెంచర్ల బ్రోచర్లు, ఎవరో పెద్దాయన షష్టిపూర్తికి సావనీరు, ఏదొస్తే అది. జపాన్ పిచ్చి మాత్రం ఈ పనికంటే పాతది. బడి నుంచి రాగానే బ్యాగ్ కూడా తియ్యకుండా టీవీ ముందు కూర్చుని డ్రాగన్ బాల్ జీ చూసిన బ్యాచ్ మాది, ఒక్క దెబ్బ కొట్టడానికి మూడు ఎపిసోడ్లు అరుస్తారని అప్పుడే తెలిసిపోయినా చూడ్డం మానలేదు. తర్వాత గేమ్స్ లోకి దిగాం. ఫైనల్ ఫాంటసీ, డ్రాగన్ క్వెస్ట్, యాకూజా అన్నీ తలా కొంచెం కొరికి వదిలేశా, కంచం ఖాళీ చేసింది మాత్రం దీన్నొక్కదాన్నే.

తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. తీసింది అట్లస్ అనే జపాన్ కంపెనీ. అసలు పర్సోనా 5 జపాన్ లో 2016 సెప్టెంబర్ లో, బయట దేశాల్లో 2017 ఏప్రిల్ లో వచ్చింది, దానికే కొత్త పాత్రలు, చివర్లో ఇంకో బడి టర్మ్ కథ కలిపి 2019లో రాయల్ అని మళ్ళీ వదిలారు. మొదట్లో ప్లేస్టేషన్ ఉన్నోళ్ళకే. పీసీకి, స్విచ్ కి, ఎక్స్‌బాక్స్ కి 2022 అక్టోబర్ 21న వచ్చింది. సరిగ్గా అదే రోజు ఆర్ఆర్ఆర్ జపాన్ థియేటర్లలో రిలీజైంది తెలుసా, అంటే మన పులిహోర అటెళ్ళిన రోజే వాళ్ళ కర్రీ అన్నం ఇటొచ్చిందన్నమాట. నేనైతే సేల్ వచ్చేదాకా ఆగి స్టీమ్ (పీసీ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం) లో కొన్నా, డిస్క్ లో 40 జీబీ పైనే లాగుతుంది గానీ నా పాత లాప్‌టాప్ ఏం మూలగలేదు.

కథ ఏంటంటే, ఓ ఇంటర్ వయసు కుర్రాడు రోడ్డు మీద ఒకడు తాగి ఆడమనిషిని లాగుతుంటే అడ్డంపడతాడు, ఆ తాగుబోతు పెద్ద తలకాయ కావడంతో కేసు వీడి మీదే పడుతుంది. ఉన్న స్కూల్ నుంచి తీసేసి ఏడాది ప్రొబేషన్ మీద టోక్యో పంపిస్తారు, ఓ కాఫీ షాపు పైన సామాన్లు పడేసే అటక మీద వీడి కాపురం. అక్కణ్ణుంచి ఫోన్ లో ఒక వింత యాప్ వస్తుంది, దాంతో చెడ్డ పెద్దమనుషుల బుర్రల్లోకి దూరి, అక్కడ వాళ్ళు కట్టుకున్న కోటలో నిధి కొట్టేస్తే బయట వాళ్ళ మనసు మారి అందరి ముందూ ఏడ్చి ఒప్పుకుంటారు. చెప్తుంటే పిచ్చిగా ఉంది కదా, ఆడుతుంటే అలా అనిపించదు.

నన్ను పట్టేసింది ఈ దొంగతనాలు కాదు, క్యాలెండర్. ఏప్రిల్ లో మొదలవుతుంది ఆట (మనకి జూన్ లో బడి, వాళ్ళకి ఏప్రిల్ లో), ఇక రోజు తర్వాత రోజు వరసగా నడుస్తుంది. బడి అయ్యాక ఒక పని, రాత్రికి ఒక పని, అంతే. ఫ్రెండ్ తో రామెన్ కి వెళ్తే ఆ సాయంత్రం ఖతం. బీఫ్ బౌల్ షాపులో పార్ట్‌టైం చేస్తే నాలుగు డబ్బులొస్తాయి గానీ పరీక్షకి చదివేది లేదు. గుసగుసలాడే డాక్టరమ్మ దగ్గర మందుల ప్రయోగానికి ఒళ్ళప్పగించాలన్నా ముందు వీడికి ధైర్యం పెరగాలి, ధైర్యం పెరగాలంటే పెద్ద బర్గర్ ఛాలెంజ్ తినాలి, దానికో సాయంత్రం. షిబుయా వెళ్ళే రైల్లో ఒక్కోసారి సీటు దొరుకుతుంది, దొరికితే పుస్తకం చదువుకోవచ్చు, అది ఫ్రీ, రోజు ఖర్చవదు. ఆ సీటు దొరికినప్పుడు నాకు కలిగిన ఆనందం మియాపూర్ మెట్రోలో ఎప్పుడూ కలగలేదు, ఎందుకంటే అక్కడ దొరకదు.

ఈ క్యాలెండర్ పద్ధతి సిరీస్ లో 2006లో వచ్చిన మూడో భాగం నుంచే ఉంది. ఉద్యోగం చేసే ఫ్రెండ్స్ కి దీన్ని చూస్తే చిరాకు, "ఆఫీసులోనూ టైమ్‌షీటే, ఇంటికొచ్చాక కూడానా" అంటారు. నాకేమో ఇదొక్కటే నిజం చెప్పే గేమ్ అనిపించింది. జీతగాడికి సాయంత్రం ఫ్రీ. మాకు సాయంత్రం కూడా సరుకే, ఇవాళ సినిమాకి వెళ్ళానంటే రెండు స్క్రిప్టులు పోయినట్టు లెక్క, ఆ లెక్క బుర్రలోంచి ఎప్పుడూ పోదు, పెళ్ళి భోజనంలో కూర్చున్నా పోదు. మామూలు గేముల్లో ప్రపంచం మునిగిపోతోంది రా హీరో అంటారు, మనం పోయి నెలరోజులు చేపలు పడతాం, ఎవడూ అడగడు. ఇక్కడ మే 2 అంటే మే 2. మొదటి కోట పని అప్పటికి తేలకపోతే గేమ్ ఓవర్, మహా అయితే జాలిపడి ఓ వారం వెనక్కి పంపిస్తారు. ఆ వారం వెనక్కి ఇచ్చే క్లయింటు నాకింతవరకు తగల్లేదు.

మోర్గానా అని ఒక పిల్లి ఉంటుంది (పిల్లి అంటే దానికి కోపం). మనం కోట తిరిగొచ్చి అలిసిపోయి ఇంకేదన్నా చేద్దామని మెట్ల దగ్గరికి వెళ్ళామా, ఇవాళ అలిసిపోయావ్ పడుకో అంటుంది. ప్రతిసారీ అంటుంది. ప్రపంచం మొత్తం దాన్ని తిట్టుకునేది ఇందుకే. నేనూ తిట్టాను, అర్ధరాత్రి రెండున్నరకి, తెల్లారితే ఇవ్వాల్సిన ఫైల్ ఇంకా సగంలో ఉండగా.

ఇక రెండో కోట గురించి చెప్పాలి. కథ ముందుగా తెలియకూడదు అనుకునేవాళ్ళు ఈ పేరా దాటేయండి. మదరామె అని పెద్ద చిత్రకారుడు, బయటికి రేకుల కొంపలో ఉండే సన్యాసి టైపు, బుర్రలోకి వెళ్ళి చూస్తే బంగారు మ్యూజియం. అందులో గోడల మీద ఉన్న బొమ్మలన్నీ ఆయన శిష్యులవి, ఒక్కో ఫ్రేములో ఒక్కో మనిషి. ఎందుకంటే ఆయన గీసిందేం లేదు, శిష్యులు గీసినవన్నీ తన పేరుతో అమ్ముకున్నాడు, ఎదురు తిరిగినవాడికి ఆ రంగంలో అన్నం లేకుండా చేశాడు. చివరి శిష్యుడు యూసుకే, అంతా తెలిసి కూడా "మా గురువుగారు నన్ను పెంచారు" అంటూ ఉంటాడు. నేను ఇక్కడ పాజ్ చేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డా. మూడేళ్ళ క్రితం ఒకాయనకి ఆయన జీవితకథ 140 పేజీలు రాసిచ్చా, పుస్తకావిష్కరణకి పిలిచారు, వెనక వరసలో కూర్చుని మిక్చర్ తింటూ ఆయన స్టేజి మీద "ప్రతి అక్షరం నా కన్నీటితో రాసుకున్నా" అంటే చప్పట్లు కూడా కొట్టా. మొత్తం డబ్బులు కూడా రాలేదు. నాది దొంగతనం కాదు లెండి, ఒప్పుకుని చేసిన పనే, పేరు వద్దనుకునే డబ్బులు మాట్లాడుకున్నాం. అయినా ఆ మ్యూజియంలో నడుస్తుంటే ఎక్కడో ఒక ఫ్రేములో నా మొహం కనిపిస్తుందేమో అని చూశా. బాస్ ఫైట్ లో ఆయన్ని కొట్టేటప్పుడు అవసరానికి మించి రెండు సార్లు కొట్టాననుకోండి.

యూసుకే ఆ తర్వాత మన జట్టులో కలుస్తాడు, ఇతని పాత్ర రాసినోళ్ళకి దణ్ణం. జేబులో పైసా ఉండదు, తిండి ఉండదు, బీచ్ కి తీసుకెళ్తే ఉన్న డబ్బుతో అందంగా ఉన్నాయని బతికున్న లాబ్‌స్టర్లు కొనుక్కొస్తాడు. ఇలాంటి మనిషి మీకు తెలీదంటే మీకు ఆర్టిస్టు ఫ్రెండ్స్ లేనట్టే.

మన హీరో ఉండే పేట పేరు యోంగెన్‌జాయా. టోక్యోలో నిజంగా ఉన్న పేట సాంగెన్‌జాయా, షిబుయా నుంచి రెండో స్టేషన్. సాన్ అంటే మూడు, యోన్ అంటే నాలుగు, ఒకటి కలిపి పేరు పెట్టేశారు, మనం కొత్తపేట పక్కన పాతపేట పెట్టినంత తేలిక. ఆ కాఫీ షాపు ఓనర్ సోజిరో గారు ముందు మూతి ముడుచుకుని ఉంటాడు, రాను రాను కాఫీ కలపడం నేర్పిస్తాడు, కర్రీ నేర్పిస్తాడు. ఆ కర్రీ మన దగ్గర్నుంచి ఇంగ్లీషోళ్ళు పట్టుకెళ్ళిన మసాలాపొడి, మీజీ కాలంలో జపాన్ చేరి చిక్కగా, కాస్త తియ్యగా మారింది. అది అన్నం మీద పోసుకుని పొద్దున్నే తింటారు ఈ గేమ్ లో, కాఫీతో. మా అమ్మకి చూపిస్తే "పొద్దున్నే పప్పుచారు అన్నం తింటే తప్పులేదు గానీ కాఫీ ఏంటి మధ్యలో" అంది. వర్షం పడే రాత్రి ఆ అటక మీద పాట మోగుతుంటే ఏం చెయ్యకుండా కంట్రోలర్ పక్కనపెట్టి వింటూ ప్రూఫులు దిద్దుకున్న రోజులున్నాయి. సంగీతం షోజి మెగురో, జాజ్ లాంటిది, మెనూ తెరిచినా స్టైలే, ఎరుపు నలుపు తెలుపు, దుకాణంలో మందులు కొన్నా పోస్టర్ లాగా ఉంటుంది.

ఫైటింగ్ టర్న్ పద్ధతి. ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి, అవతలోడి బలహీనత కనిపెడితే కింద పడతాడు, మనకి ఇంకో దెబ్బ వస్తుంది, అందరూ పడితే మూకుమ్మడిగా మీద పడతాం. లేదా పడ్డవాడితో బేరమాడి మన వైపు లాక్కోవచ్చు, బేరం కుదరకపోతే ఆ దెయ్యం డబ్బులు నొక్కేసి పారిపోతుంది కూడా, ఇదీ నాకు కొత్తేం కాదు.

ఇక నచ్చనివి. మొదటి కోట మొత్తం ఆడపిల్లల్ని వేధించే పీఈటీ సార్ గురించి, చాలా గట్టిగా రాశారు, చూస్తుంటే పళ్ళు కొరుక్కుంటాం. అందులో దెబ్బతిన్న ఆన్ అనే అమ్మాయినే తర్వాతి ఎపిసోడ్ లో బట్టలిప్పి బొమ్మకి కూర్చోమని జోకులు, కెమెరా చూపులు. ఒకే చేత్తో రాసినవేనా అనిపిస్తుంది. యానిమేలో (అదే, జపాన్ కార్టూన్లలో) ఈ జబ్బు పాతదే, మనమూ చూసీ చూడనట్టు పోతుంటాం, కానీ ఇక్కడ కథే దాని మీద కాబట్టి ఇంకా ఎబ్బెట్టుగా ఉంది. రెండోది, ఒకుమురా అనే బర్గర్ కంపెనీ ఓనర్ బాస్ ఫైట్. ఉద్యోగుల్ని రోబోల్లా చూస్తాడు, ఐడియా బ్రహ్మాండం, కానీ రాయల్ లో అరగంట టైమర్ పెట్టి, ఆ రోబోల్ని గుంపు గుంపుగా వదిలి, రెండు టర్నుల్లో అన్నీ పడకపోతే వెనక్కెళ్ళి మళ్ళీ కొత్తవి. నాలుగు రాత్రులు పోయాయి. మూడోది మాట్లాడుడు. దొంగతనం చేస్తారు, తర్వాత దాని గురించి చాట్ లో మాట్లాడుకుంటారు, తర్వాత అటక మీద కూర్చుని చాట్ లో మాట్లాడుకున్నదే మళ్ళీ మాట్లాడుకుంటారు. నా దగ్గరికి ఈ స్క్రిప్ట్ వస్తే పావు వంతు కొట్టేసి పంపేవాణ్ణి, రేటు తగ్గినా సరే. తెలుగు, హిందీ లాంటివి ఏం లేవు, ఇంగ్లీష్ చదవాల్సిందే, గొంతులు మాత్రం జపనీస్ పెట్టుకోవచ్చు, అదే పెట్టుకోండి.

రాయల్ లో కలిపిన చివరి టర్మ్ గురించి ఒక హెచ్చరిక. మరుకి అనే కౌన్సిలర్ సార్ వస్తాడు స్కూల్ కి, మెత్తటి మనిషి, స్నాక్స్ పెడతాడు. ఆయనతో స్నేహం నవంబర్ మధ్యకల్లా తొమ్మిదో ర్యాంకు దాకా తేకపోతే ఆ టర్మే తెరుచుకోదు, గేమ్ ఈ మాట గట్టిగా ఎక్కడా చెప్పదు. నేను తేలేదు. పదేళ్ళలో ఒక్క డెడ్‌లైన్ దాటలేదని వాట్సాప్ స్టేటస్ లో పెట్టుకునే నేను, ఫ్రీగా చిప్స్ పెట్టే మనిషి దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చులే అని బీఫ్ బౌల్ షాపులో డ్యూటీలు చేస్తూ కూర్చున్నా. ముగింపు చూసి ఏంటి ఇంతేనా అనుకున్నాక విషయం తెలిసింది, ఆగస్టు నాటి పాత సేవ్ ఒకటుంటే అక్కణ్ణుంచి మళ్ళీ ఆడా, గంటల్లో సగం బరువు అదే. మొత్తం గేమ్ లో బాగా రాసిన భాగం అదే అవడం ఇంకా మంట. అందరి కష్టాలూ అసలు జరగనట్టే తీసేస్తానంటాడు ఒకడు, ప్రేమతోనే అంటాడు, వద్దనడానికి మన దగ్గర సరైన సమాధానం ఉండదు. అంతకంటే చెప్పను.

2018లో ఇదే కథ టీవీ యానిమేగా వచ్చింది, క్లోవర్‌వర్క్స్ స్టూడియో తీసింది, దాని జోలికి పోకండి. యానిమే ప్రాణంగా చూసే నేనే చెప్తున్నా. సాయంత్రాలు మనం ఖర్చుపెట్టకపోతే ఈ కథలో ఏముంటుంది, ఇరవై ఆరు ఎపిసోడ్లలో అన్నీ గబగబా అయిపోతాయి, సోజిరో కర్రీ వాసన కూడా రాదు.

ఎక్కువ ధర పెట్టి కొనక్కర్లేదు, ఏడాదికి చాలాసార్లు సేల్ లో పడుతుంది. మొదటి ఐదారు గంటలు కంట్రోలర్ చేతికివ్వరు, కథ చెప్తూనే ఉంటారు, ఓపిక పట్టండి. పెళ్ళి సీజన్ లో, ఎలక్షన్ టైమ్ లో, మార్చి నెలాఖరులో మొదలెట్టకండి, మా రాతగాళ్ళకి అప్పుడే పని ఎక్కువ. నేను మొన్న న్యూ గేమ్ ప్లస్ (అయిపోయిన ఆటనే మళ్ళీ మొదట్నుంచి) మొదలెట్టి మే దాకా వచ్చా, ఈసారి మరుకి సార్ దగ్గరికి వారం వారం వెళ్తున్నా. ఆ జీవితకథ పెద్దాయన రెండో భాగం రాయమని నిన్న ఫోన్ చేశాడు, మొదటిదాని బాకీ సంగతి అడిగితే లైన్ లో గరగర వస్తోందన్నాడు.