నయాగరా వ్యాన్ టూర్: పడవకు ఫుల్ మార్కులు, గైడుకు పాస్ మార్కులే

బఫెలోలో ఉండే మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. మా ఇద్దరికీ కెనడా వీసా లేదు కాబట్టి అమెరికా వైపు మాత్రమే తిప్పే వ్యాన్ టూర్ బుక్ చేశాడు. కంపెనీ పేరు రాయను. అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి, అందరిదీ ఇంచుమించు ఒకే రూటు.

వ్యాన్ చెప్పిన టైముకే వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకు అడక్కుండానే ముందు సీటిచ్చారు. ఇక జలపాతం కిందిదాకా తీసుకెళ్లే పడవ సంగతంటారా, ఇచ్చిన డబ్బులు అక్కడే వసూలైపోయాయి. 2020 నుంచి బ్యాటరీ పడవలే నడుపుతున్నారు. డీజిల్ కంపు లేదు, ఇంజను రొద లేదు, వినిపించేదంతా నీళ్ల హోరే. నీలం రంగు ప్లాస్టిక్ కోటు ఇస్తారు గానీ కాళ్లు తడవక తప్పదు. కళ్లజోడు ముందే జేబులో పెట్టుకోండి. అమెరికన్ ఫాల్స్ కింద గుట్టగా పడ్డ బండరాళ్లు బాగా దగ్గరగా కనిపిస్తాయి. వాటి సంగతి తేల్చడానికి 1969లో పైన అడ్డుకట్ట వేసి ఆ పాయను నెలల తరబడి ఎండగట్టారు. తీరా చూసి, ఉన్నచోటే ఉండనిచ్చారు.

గైడు కుర్రాడు మాటకారి. "సెకనుకు ఏడున్నర లక్షల గ్యాలన్లు!" అని మైకులో ఊదరగొట్టాడు. నేను ఇరిగేషన్‌లో ఏఈగా చేరి ఈఈగా రిటైరైనవాణ్ణి, గ్యాలన్లు నాకెక్కవు. ఘనపుటడుగుకు ఏడున్నర గ్యాలన్లు, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు, మా లెక్కలో లక్ష క్యూసెక్కులు. దానంతటది పారే నది ఇంత గుండు అంకె దగ్గర ఆగుతుందా? గేట్లున్నచోటే ఇలాంటి లెక్క వస్తుంది. జలపాతానికి కాస్త పైన నదిలో ఉన్న త్రీ సిస్టర్స్ దీవుల మీంచి ఎగువకు చూస్తే ఉండనే ఉన్నాయి: కెనడా గట్టు నుంచి నది మధ్యదాకా 18 గేట్ల వరస. గైడు అటు వేలు కూడా చూపలేదు.

అదంతా 1950లో రెండు దేశాలు రాసుకున్న ఒప్పందం. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకు జలపాతం మీద పారే నీళ్లు లక్ష క్యూసెక్కులకు తగ్గకూడదు. అక్కణ్ణుంచి అక్టోబరు చివరిదాకా రాత్రి 8 వరకే. మిగతా వేళల్లో, చలికాలమంతా 50 వేలు వదిలితే చాలు. నదిలో సగటున వచ్చేది 2 లక్షల పైమాటే. మిగిలింది రెండు దేశాలూ కరెంటుకు చెరిసగం పంచుకుంటాయి. కృష్ణా వాటాల ఫైళ్లతో సర్వీసంతా గడిపిన నాకు, చూడ్డానికొచ్చే జనం కోసం కూడా నీళ్లు కేటాయించి సంతకాలు పెట్టడం భలే ముచ్చటేసింది.

"ప్రపంచంలోకెల్లా స్వచ్ఛమైన నీళ్లు" అని గైడు ఇంకోటి వదిలాడు. ఇవి ఈరీ సరస్సు నీళ్లు బాబూ. అదే సరస్సులో నాచు విషం తేలి 2014 ఆగస్టులో టొలీడో ఊళ్లో కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఒకరి గట్టున కలిపిన మురికి అవతలి వాళ్ల ఆరోగ్యానికి, ఆస్తికి చేటు చేయకూడదని 1909 ఒప్పందంలోనే ఉంది. 1972లో పెద్ద సరస్సుల కోసం విడిగా ఇంకోటి రాసుకున్నారు. కానీ కాలుష్యం విషయంలో 1909 ఒప్పందంతో పెట్టుకున్న రెండు దేశాల ఉమ్మడి కమిషన్ విచారించి సిఫారసు చేస్తుందంతే, ఎవరి మెడలూ వంచలేదు. నీటి లెక్కకు గేట్లున్నాయి, ఆ నాచును పెంచే, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుకు ఏ గేటు పెడతారు?

ప్యాకేజీలో ఇచ్చిన బఫే భోజనం గురించి ఎక్కువ చెప్పను. నాన్ సాగింది, పప్పు చల్లారింది. పులిహోర కట్టుకెళ్లండి.

అసలు గొడవ రాత్రి జలపాతం మీద వేసే లైట్లు చూసే దగ్గర. భోజనాల దగ్గర జాగు చేసి, మమ్మల్ని అక్కడ దించేసరికి పదిన్నర. పది దాటితే నీళ్లు సగానికి తగ్గించుకోవచ్చని ఒప్పందమే చెబుతోంది. టికెట్ మాత్రం పూర్తిది తీసుకున్నారు! ఎండాకాలంలో వెళ్లేవాళ్లు తొమ్మిదిలోపే లైట్ల దగ్గరికి చేర్చమని ముందే గట్టిగా అడగండి. సెప్టెంబరు 15 దాటితే ఏడుకల్లా అక్కడుండాలి.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. టైము బుకింగ్ కాగితంలో రాసిస్తే ఇంకో అర కలుపుతాను.