ఫుట్‌బాల్ ఆడినవారు కోచ్ కావాలంటే: బీపీఈడీనా, లైసెన్సా?

కాజీపేట నుంచి, గోదావరిఖని నుంచి, హనుమకొండలో డిగ్రీ చదువుతున్న కుర్రాళ్ల నుంచి నాకు పదేపదే వచ్చే ప్రశ్న ఇది. జిల్లా జట్టుకు ఆడాం, యూనివర్సిటీకి ఆడాం, ఇంకా పైకి వెళ్లే వయసు దాటిపోయింది, కోచ్ అవుదామనుకుంటున్నాం. బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు కావడానికి చదివే బీపీఈడీ చేయమంటారా, ఫుట్‌బాల్ సమాఖ్య వారు కోచ్‌లకు ఇచ్చే మొదటి మెట్టు డి లైసెన్సు తీసుకోమంటారా అని. విడివిడిగా జవాబు చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను.

లైసెన్సు వైపు వాదన బలమైనదే. డి లైసెన్సు కొద్ది రోజుల కోర్సు. ఆ కొద్ది రోజులూ ఫుట్‌బాల్ తప్ప మరో మాట ఉండదు. ముందున్న మెట్లు కూడా తేటగా కనిపిస్తాయి: సి, బి, ఏ, ఆపైన ప్రో. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) జట్టుకు ప్రధాన కోచ్ కావాలని కలగనేవారికి వ్యాయామ విద్య పట్టా ఒక్కటే ఉంటే అక్కరకు రాదు. బీపీఈడీ రెండేళ్ల చదువు. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, యోగా, శరీర నిర్మాణ శాస్త్రం మధ్య ఫుట్‌బాల్‌కు దక్కే వాటా కొంచెమే. పోనీ చదివాక ఉద్యోగం ఖాయమా అంటే, తెలంగాణ టీచర్ల భర్తీకి జరిగిన 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే వ్యాయామ ఉపాధ్యాయులవి (పీఈటీ) 182, అదీ రాష్ట్రమంతటికీ కలిపి. అంతకు ముందు భర్తీ జరిగింది 2017 నోటిఫికేషన్‌తో. ఈ లెక్కలు ముందు పెట్టుకుంటే ఎవరైనా లైసెన్సుకే ఓటేస్తారు.

అయినా నా మొగ్గు బీపీఈడీ వైపే. కోచ్‌గా ఎదగాలంటే ఒకే పిల్లలు ఏళ్ల తరబడి, రోజూ కళ్లముందు ఉండాలి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అవసరం అదే. మన ప్రాంతంలో అది బడిలోనే దొరుకుతుంది. ఇక్కడ నెలనెలా ఫీజు కట్టి పిల్లలను ఫుట్‌బాల్‌కు పంపే ఇళ్లు తక్కువ. పంపినా చాలావరకు వేసవి శిబిరం దాకానే. జూన్‌లో బడులు తెరిచాక మైదానం పలచబడుతుంది. లైసెన్సు జేబులో ఉండి నేర్పడానికి పిల్లలే లేని వారిని చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఆరో తరగతిలో చేతికొచ్చిన పిల్లవాడు పదో తరగతి దాకా అయిదేళ్లు ఉంటాడు. వాడి ఎత్తు పెరిగినప్పుడు పరుగు ఎలా తడబడుతుందో, మోకాలి దెబ్బ తర్వాత ఏ కాలిని దాచుకుంటున్నాడో ఆ అయిదేళ్లలో తెలుస్తుంది.

భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా పనిచేసిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం చూడండి. ఆయన శిక్షణలో వచ్చిన 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అందరికీ తెలిసినవే. కుర్రవయసులో ఆయనా ఆడినవారే, కానీ ఆటగాడిగా దేశమంతా చెప్పుకునేంత పేరు రాలేదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి హైదరాబాద్ బడుల్లో పిల్లలను ఆడించారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నాక ఆ జట్టు 1954 దాకా వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. అంత పెద్ద జట్ల కోచ్ పెట్టిన పోటీలు ఎలాంటివో గమనించండి: డ్రిబ్లింగ్ చేయకూడదన్న పోటీ ఒకటి, బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీ ఇంకొకటి. తరగతి గదిలో వెనక బెంచీ దాకా పాఠం చేరాలని తపించే మనిషికి తట్టే ఆలోచనలివి.

వీటిని మీ బడి మైదానంలో పెట్టి చూడండి. బంతి తగిలిందంటే చాలు, నలుగురిని దాటుకుపోదామని చూసే కుర్రాడు ఉన్నచోటే నిలబడిపోతాడు. ఎవరికి ఇవ్వాలో తెలియక తల ఎత్తి చూస్తాడు. అలా చూడటం వాడికి అదే మొదలు కావచ్చు. అంచున నిలబడే బక్కపిల్లవాడి దగ్గరికి బంతి మూడుసార్లు వస్తుంది. ఎడమ కాలితో తన్నమంటే మొదట పిక్కకు తగిలి పక్కకు పోతుంది, అందరూ నవ్వుతారు. వారం తిరిగేసరికి పాదం లోపలి అంచు బంతిని వెతుక్కోవడం మొదలవుతుంది. ఇది కనిపెట్టాలంటే వారమంతా అక్కడ ఉండాలి.

దీనికి ఎదురు ఉదాహరణలుగా, పెద్ద ఆటగాళ్లుగా పేరు తెచ్చుకుని కోచ్‌లైన పీకే బెనర్జీని, మన హైదరాబాద్ నయీముద్దీన్‌ను చూపిస్తారు. నిజమే. పీకే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు కెప్టెన్, ఫ్రాన్స్‌పై గోల్ కొట్టిన మనిషి. తర్వాత కోచ్‌గా కోల్‌కతా క్లబ్బులు ఈస్ట్ బెంగాల్‌ను, మోహన్ బగాన్‌ను తీర్చిదిద్దారు. నయీం 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్, ఆ తర్వాత ఫుట్‌బాల్ కోచ్‌గా 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. అయితే వాళ్లు మైదానంలోకి అడుగుపెట్టే ముందే వాళ్ల పేరు అక్కడికి చేరేది. డ్రెస్సింగ్ రూమ్‌లో పీకే మాట్లాడితే ఆటగాళ్ల రక్తం ఉడికేదంటారు. ఆ మాటకు బరువిచ్చింది ఆయన ఆడిన ఆట. జిల్లా స్థాయిలో ఆగిపోయిన మనకు ఆ వెసులుబాటు లేదు. మన మాటకు బరువు పిల్లల మధ్య గడిపిన ఏళ్లతోనే రావాలి. ఆ లెక్కన రహీం దారే మనకు దగ్గర.

పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా సంగతీ అడుగుతారు. మంచిదే, ఏడాది పడుతుంది, ఇల్లు వదిలి అంత దూరం వెళ్లాలి. సర్కారు కోచ్ ఉద్యోగాల మీద గురి ఉన్నవారు దాని గురించి ఆలోచించవచ్చు.

కాబట్టి డిగ్రీ ఉన్నవారు ముందు బీపీఈడీ ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాయండి. ఇంటర్‌తో ఆగినవారికి అదే పరీక్షతో వ్యాయామ విద్యలో డిప్లొమా (డీపీఈడీ) ఉంది. సీటు వచ్చాక సెలవుల్లో డి లైసెన్సు కూడా పూర్తి చేయండి. డీఎస్సీ కోసం కూర్చోకుండా, జీతం తక్కువైనా మైదానం ఉన్న బడిలో చేరండి. ఇంటి భారం మీదే అయి, హైదరాబాద్ అకాడమీలో పని సిద్ధంగా ఉంటే మాత్రం రెండేళ్లు ఆగమని నేను చెప్పను, లైసెన్సు తీసుకుని వెళ్లండి. అమ్మాయిలైతే నాకు ఈ మాత్రం సందేహం కూడా లేదు. బాలికల గురుకులాలకు మహిళా వ్యాయామ ఉపాధ్యాయులు కావాలి, ఫుట్‌బాల్ ఆడి వచ్చినవారు అందులో చాలా తక్కువ. బీపీఈడీయే చేయండి.