పాత జీపుకి క్రౌన్ పీనియన్ మార్పిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పాత ఫోర్ వీల్ జీపులు, పికప్‌లు వాడేవాళ్లు, ముఖ్యంగా డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని చక్రాలకి పంచే గేర్ల పెట్టె) రేషియో మార్పిద్దామని చూస్తున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఈ పని మీద నాకు 38 వేలు ఒకసారి, 34 వేలు ఇంకోసారి పోయాయి. నాలుగు నెలలు మనశ్శాంతి లేదు. పని చేసిన షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ నాకు చెప్పిన ఒక మాట మాత్రం చెబుతాను: "రన్నింగ్‌లో సెట్టయిపోద్దండి." క్రౌన్ పీనియన్ (డిఫరెన్షియల్ లోపల ఉండే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత) బిగించాక బండి కూత పెడుతుంటే ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. నేను నమ్మాను.

మాది జంగారెడ్డిగూడెం వైపు. పామాయిల్ తోట ఉంది. నాన్న కొన్న పాత మహీంద్రా డీజిల్ జీపుకి వెనక బాడీ కోయించి చిన్న ట్రక్కులా చేయించుకున్నాం. వానాకాలం తోటలోంచి గెలలు రోడ్డెక్కించాలంటే మాకు అదే దిక్కు. ముందు వెనక రెండు డిఫరెన్షియల్స్‌లోనూ 5.38 రేషియో ఉండేది. అంటే పెద్ద చక్రం క్రౌన్‌కి 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పీనియన్‌కి 8; పీనియన్ 5.38 చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. బురదలో లాగడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఏలూరు, విజయవాడ వెళ్లాలంటే నరకం. 60 దాటితే ఇంజిన్ అరుపుకి పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు. అదే 39 పళ్ల క్రౌన్, 8 పళ్ల పీనియన్ వేస్తే 4.88 అవుతుంది. నా టైర్లకి లెక్క వేసుకుంటే టాప్ గేర్లో 60 దగ్గర ఇంజిన్ నిమిషానికి సుమారు 2,450 చుట్ల నుంచి 2,220కి దిగుతుంది. తోట పనికి బలం మరీ తగ్గదు, రోడ్డు మీద కొంచెం ఊపిరి ఆడుతుంది. అందుకే 4.88 అనుకున్నాను.

ఫోర్ వీల్ బండి కాబట్టి ముందు, వెనక రెండూ మార్చాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు రెండు సెట్లు, బేరింగులు, సీళ్లు, కూలీ అన్నీ కలిపి 38 వేలన్నారు. అట్టపెట్టెలు రెండు చూపించారు. నేను పెట్టెలు చూశాను గానీ, వాటిని తెరిపించి లోపలున్నవి చూడలేదు. మూడు రోజులు బండి వాళ్ల దగ్గరే ఉంది. ఇచ్చిన బిల్లు ఒక తెల్ల చీటీ. దాని మీద "క్రౌన్ సెట్ 2, లేబర్" అని రాసి మొత్తం వేశారు, అంతే.

తిరుగు ప్రయాణంలో గన్నవరం దాటాక మొదలైంది. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు 45 చూపించే దగ్గర, దూరాన రైసు మిల్లు సైరన్ మోగుతున్నట్టు సన్నగా లేచి, 55కి వచ్చేసరికి క్యాబిన్ అంతా నిండిపోయింది. కాలు ఎక్సిలేటర్ మీద నుంచి తీస్తే టక్కున ఆగింది. మళ్లీ తొక్కితే మళ్లీ అదే కూత. హనుమాన్ జంక్షన్‌లో పక్కకి ఆపి ఫోన్ చేశాను. "కొత్త పళ్లు కదండీ, ఒకదానికొకటి అలవాటు పడాలి. వెయ్యి కిలోమీటర్లు తిప్పండి, రన్నింగ్‌లో సెట్టయిపోద్దండి" అన్నారు.

వెయ్యి తిప్పాను. కూత తగ్గలేదు సరికదా, మొదట్లో 45 దగ్గర మొదలయ్యేది 40 దగ్గరే మొదలైంది. మళ్లీ ఫోన్ చేస్తే ఇంకో వెయ్యి తిప్పమన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గించారు.

ఇక జూన్‌లో వానలు పడ్డాక ఇంకో బాధ మొదలైంది. గెలలు వేసుకుని తోటలోంచి ఫోర్ వీల్‌లో రోడ్డెక్కాను. బురదలో బాగానే లాగింది. గట్టి నేల మీదకి రాగానే, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉన్నా సరే, బండి ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బిగుసుకుపోయింది. కింద నుంచి దడ్ దడ్ మని దెబ్బలు. ఫోర్ వీల్ లీవర్ వెనక్కి రాదు. రెండు చేతులతో లాగినా రాలేదు. రివర్స్ వేసి నాలుగు గజాలు వెనక్కి వెళితే అప్పుడు వదిలింది. షెడ్డువాళ్లకి చెబితే, "ఫోర్ వీల్ తారు రోడ్డు మీద వాడకూడదని తెలీదాండీ?" అని నన్నే అడిగారు.

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే మనం మోసపోతాం. ఈ రకం జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక డిఫరెన్షియల్స్‌ని తిప్పే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. పొడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు బిగుసుకోవడం మామూలే. కానీ తిన్నగా వెళ్తున్నప్పుడు, కొద్ది దూరంలోనే అంతలా బిగుసుకోకూడదు. ఆ తేడా నాకు అప్పుడు తెలియదు.

చివరికి కొవ్వూరులో లారీల పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఆయన వెంటనే పానా తియ్యలేదు. "నువ్వు నడుపు అబ్బాయ్, నేను వెనక కూర్చుంటా" అన్నాడు. నున్నటి రోడ్డు మీద ఒకే స్పీడులో నాలుగు రకాలుగా నడిపించాడు: కాలు తొక్కి, కాలు పూర్తిగా తీసేసి, స్పీడు పెరగకుండా తగ్గకుండా సన్నగా పట్టి, చివరగా న్యూట్రల్‌లో వదిలేసి. అలా నడిపిస్తూ ఆ రోజు ఆయన చెప్పినవి వాడేవాళ్లందరికీ పనికొస్తాయి.

తొక్కినప్పుడే కూత వస్తే, అదీ ఒక స్పీడు నుంచి ఇంకో స్పీడు మధ్యనే వస్తే, అనుమానం క్రౌన్ పీనియన్ పళ్ల మీద. అరిగిన పళ్లైనా అయి ఉండాలి, సెట్టింగ్ తప్పైనా అయి ఉండాలి. కాలు తీసినప్పుడు మాత్రమే, ఏ స్పీడులోనైనా గుర్రుమంటుంటే పీనియన్ బేరింగులు పోయాయని, లేదా వాటి బిగింపు వదులుగా ఉందని చూసుకోవాలి. తొక్కినా తీసినా తేడా లేకుండా 30 దాటాక బరువుగా గుయ్‌మంటుంటే క్రౌన్ పక్కన ఉండే బేరింగుల వైపు చూడాలి. స్టీరింగ్ కాస్త అటూ ఇటూ తిప్పితే మోత మారుతోందంటే అది చక్రం బేరింగు, డిఫరెన్షియల్ జోలికి పోనక్కర్లేదు. కదిలేటప్పుడు, కాలు తొక్కి వదిలేటప్పుడు ఒక్క టక్ వస్తే మొదట ప్రొపెల్లర్ షాఫ్ట్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పొడవాటి ఇరుసు) కొసల్లో ఉండే క్రాసులు పట్టుకుని ఊపి చూడాలి. మెల్లగా వెళ్తున్నప్పుడు చక్రం ఒక్కో చుట్టుకి ఒక్కోసారి, అంటే మా టైరుకి రెండు మీటర్ల పైచిలుకుకి ఒకసారి, లెక్కగా టక్ టక్ మంటుంటే క్రౌన్ పన్ను విరిగి ఉండొచ్చు, బండి అక్కడే ఆపెయ్యాలి. మలుపుల్లోనే గట్టిగా దెబ్బలు పడుతుంటే లోపలి చిన్న స్పైడర్ గేర్లు.

నాది మొదటి రకం అని ఆయన రోడ్డు మీదే తేల్చేశాడు. బండి దిగగానే పీనియన్ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడమన్నాడు. వెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే బేరింగులు మరీ బిగించేశారని అర్థమట. నాది వెచ్చగానే ఉంది.

షెడ్డుకి వచ్చాక వెనక డిఫరెన్షియల్ ఆయిలు ఒక తెల్ల బేసిన్‌లోకి దించి ఎండలో పెట్టాడు. చేప పొలుసులు పొడి చేసి కలిపినట్టు మెరుస్తోంది. ఆయిల్లో వేలు ముంచి, బొటనవేలితో రాపాడించి నా చేతికి పూశాడు. గరుకు తెలిసింది. తర్వాత డయల్ గేజ్ పెట్టి క్రౌన్‌ని అటూ ఇటూ కదిపాడు. ఈ సైజు క్రౌన్‌కి పళ్ల మధ్య ఆట, అంటే వదులు, 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. నాది 0.5 చూపించింది. పళ్ల మీద ఎర్ర లెడ్ పేస్టు పూసి తిప్పితే, పీనియన్ ఆనిన గుర్తు పంటి నడుమ పడాలి. నాకు మాత్రం బయటి కొసన సన్నటి గీతలా పడింది. అంత పెద్ద పన్ను, ఆనేది మాత్రం గోటి అంచంత చోట!

అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. క్రౌన్ పీనియన్‌లని ఫ్యాక్టరీలో జంటగా కలిపి తిప్పి, ఒకదానికొకటి అరగదీసి, రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కుతారు. గుడ్డతో తుడిచి చూస్తే నా క్రౌన్ మీద 117, పీనియన్ మీద 362. పెళ్లి ఒకరితో, కాపురం ఇంకొకరితో అన్నాడు బాబాయ్. ఏవో రెండు పాత బండ్లలోంచి తీసి, డీజిల్‌తో కడిగి, పెట్టెలో పెట్టి నాకు కొత్త సెట్ అని అమ్మారు. ఇలాంటి జత ఎన్ని వేల కిలోమీటర్లు తిప్పినా సెట్ అవ్వదు. తిప్పిన కొద్దీ పళ్లు పాడై, ఆ పొడి బేరింగుల్లోకి వెళ్తుంది. నేను వాళ్ల మాట విని తిప్పిన ప్రతి కిలోమీటరూ నా బండినే తినేసింది.

ముందువైపు డిఫరెన్షియల్ విప్పకుండానే రేషియో కనుక్కునే పద్ధతి చూపించాడు. ఇది మీరు ఇంట్లో చెయ్యొచ్చు, పావుగంట పని. బండి చదునైన చోట పెట్టి, కదలకుండా మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. ఫోర్ వీల్ తీసేసి టూ వీల్‌లో పెట్టండి, హబ్ లాకులు (ముందు చక్రాలని యాక్సిల్‌కి కలిపేవి) ఉంటే వేసి ఉంచండి. ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపండి, రెండోది నేల మీదే ఉండాలి. టైరు మీద, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీతలు గీయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరిని లెక్కపెట్టమనండి. రెండో చక్రం కదలదు కాబట్టి, ఈ చక్రం రెండు చుట్లకి క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 4.88 అయితే షాఫ్ట్ ఐదు చుట్లకి కొంచెం తక్కువ తిరుగుతుంది. 5.38 అయితే ఐదు దాటి ఇంకో మూడో వంతు పైన తిరుగుతుంది. వెనకవైపు కూడా ఇంతే, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. నా బండిలో హ్యాండ్‌బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె) దగ్గర షాఫ్ట్‌నే పట్టుకుంటుంది కాబట్టి అది వదిలెయ్యాలి. చక్రాలకి రాళ్లు గట్టిగా పెట్టకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

మేం తిప్పితే ముందు షాఫ్ట్ ఐదు చుట్లు దాటి ఇంకా తిరిగింది. వెనకది ఐదుకి ముందే ఆగింది. ముందుది అసలు ముట్టుకోలేదు, పాత 5.38 అలాగే ఉంది. రెండు సెట్లకి డబ్బు తీసుకుని ఒక్కటే మార్చారు. ఫోర్ వీల్ వేసినప్పుడు వెనక చక్రాలు 100 మీటర్లు వెళ్తే, ముందు చక్రాలు 91 మీటర్లే తిరుగుతాయి. మిగతా 9 మీటర్లు టైరు జారాలి, లేదా ట్రాన్స్‌ఫర్ కేసు భరించాలి. బురదలో టైర్లు జారిపోతాయి కాబట్టి తెలియలేదు, గట్టి నేల మీద బిగుసుకుంది. ఇంకో నెల అలాగే వాడి ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా పోయేదన్నాడు ఆయన.

నాకు అనుమానం రాకపోవడానికి ఒక కారణం ఉంది. పని అయ్యాక ఫోన్‌లో 60 ఉంటే బండి మీటరు 54 చూపించేది. రేషియో మారితే మీటరు అలా తక్కువ చూపిస్తుందని నాకు తెలుసు, అందుకే పని జరిగిందని నమ్మాను. నిజమే, వెనకది మారింది. మీటరు ముందుదాని గురించి ఏమీ చెప్పదు. మీరూ మీటరు చూసి నమ్మకండి.

రెండు క్రౌన్‌లు, పీనియన్లు చేత్తో పట్టుకుని విజయవాడ వెళ్లాను. "లోడు లాగి మీరే పాడు చేసుకున్నారండి, మేం వేసిన సామాను ఇది కాదు" అన్నారు. తెల్ల చీటీ మీద సెట్ నంబర్లు లేవు, పళ్ల లెక్క లేదు, జీఎస్టీ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, వెళ్తాను. కానీ సరైన బిల్లు ఉంటే ఈ పని ఎంత తేలికయ్యేదో ఇప్పుడు తెలుస్తోంది.

కాబట్టి దయచేసి, పెట్టె తెరిపించండి. పళ్లు మీరే లెక్కపెట్టండి. జత నంబర్లు రెండూ ఒకటేనా చూసి ఫోటో తీసుకోండి, అవే నంబర్లు బిల్లు మీద రాయించండి. బిగించాక కవరు మూసే ముందు పేస్టు గుర్తు చూపించమని అడగండి. ఆ ఫోటో కూడా తీసుకోండి. చూపించడానికి విసుక్కునే చోట బండి వదలకండి. పాత సామాను వెనక్కి తీసుకోండి, ముందుది వెనకది రెండూ. పాత ముందు క్రౌన్ ఇవ్వమని నేను ఆ రోజే అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేవారు.

పని సరిగ్గా జరిగినా కొత్త పళ్లకి కొంత ఓపిక కావాలి. మొదటి రోజు 25, 30 కిలోమీటర్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగకూడదు. ఆ తర్వాత ఆయిలు దించి జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కొత్తది పోయాలి. నాకు ఆ షెడ్డులో ఇందులో ఒక్కటీ చెప్పలేదు.

ఇప్పుడు కొవ్వూరు బాబాయ్ రెండువైపులా జత నంబర్లు కలిసిన సెట్లు వేశాడు. నిన్న ఏలూరు వెళ్లొచ్చాను. 60లో నాన్న పక్కన కూర్చుని ఫోన్ మాట్లాడుకున్నాడు. 117, 362 గేర్లు షెడ్డువాళ్లు "మాకిచ్చెయ్యండి, ఎంతోకొంత తగ్గిస్తాం" అని కబురు పెట్టారు. ఇవ్వలేదు. ఇస్తే మళ్లీ కడిగి ఇంకొకరి బండికి ఎక్కిస్తారు. కమిషన్ ముందు పెట్టేదాకా మా ఇంట్లోనే ఉంటాయి.