ఎనిమిదేళ్లు వాడాక ఫారెక్స్ కార్డు గురించి నా మాట

2017లో సింగపూర్ వెళ్లేముందు మొదటిసారి ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ డబ్బు ముందే వేయించుకుని అక్కడ గీకే కార్డు, తీసుకున్నాను. "క్రెడిట్ కార్డు గీకితే బాదేస్తారు, డాలర్లు జేబులో పెట్టుకుంటే ఎక్కడో పడిపోతాయి, ఇది తీసుకో" అని ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పారు. అంతకు మించి నాకేమీ తెలియదు. ఆ కార్డు గడువు తీరితే అదే బ్యాంకులో మళ్లీ కొత్తది తీసుకున్నాను. సింగపూర్ తర్వాత థాయ్‌లాండ్, స్విట్జర్లాండ్, దుబాయ్, జపాన్ ప్రయాణాలు దాంతోనే, ఆఖరికి అమ్మానాన్నల అమెరికా ప్రయాణం కూడా ఇలాంటి కార్డుతోనే జరిగాయి. మొదట్లో ఈ ఒక్క కార్డుంటే చాలనుకున్నాను. మధ్యలో విసిగిపోయి వదిలేద్దామనుకున్నాను. ఇప్పుడు ఉంచుకోవడానికి అసలు కారణం: నా జీతం పడే ఖాతాకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అందులో ఎంత వేస్తే అంతే. పోతే అంతవరకే పోతుంది.

ఖర్చు సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. మామూలు క్రెడిట్, డెబిట్ కార్డుల్లో చాలావాటికి విదేశంలో వాడిన ప్రతిసారీ 3.5 శాతం మార్కప్ (కరెన్సీ మార్చినందుకు అదనపు రుసుము) వేస్తారు, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి 4.13 శాతం. లక్ష ఖర్చుపెడితే 4,130 రూపాయలు ఊరికే పోయినట్టే. ఫారెక్స్ కార్డులో ఏ కరెన్సీ వేసుకున్నామో ఆ కరెన్సీలోనే ఖర్చు పెడితే ఈ బాదుడు ఉండదు. అలాగని ఉచితం అనుకోవద్దు. లోడ్ చేసే రోజే వాళ్ల లాభం రేటులో కలిపేసి ఉంటుంది. నేను వేయించిన ప్రతిసారీ గూగుల్‌లో కనిపించే డాలరు రేటుకీ నాకిచ్చిన రేటుకీ రూపాయి నుంచి రెండు రూపాయల తేడా ఉంది. అంటే వెయ్యి డాలర్లకు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. దాని మీద మార్పిడి జీఎస్టీ వేరే, అది చిన్నదే, లక్ష రూపాయలకు 180.

ఈ రేటు దగ్గర బేరం ఆడొచ్చని మూడో ప్రయాణం దాకా నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు కనీసం ముగ్గురు డబ్బు మార్చేవాళ్లకు ఫోన్ చేస్తాను. "ఈరోజు రేటెంత" అని అడగను. "రెండు వేల డాలర్లు కార్డులో పడాలంటే అన్నీ కలిపి నేనెంత కట్టాలి" అని అడుగుతాను. అలా అడిగితే సర్వీస్ ఛార్జీ, కార్డు ఖరీదు ఏమున్నా బయటికి వచ్చేస్తాయి. పక్కవాళ్లు ఎంత చెప్పారో చెబితే నలభై పైసలు తగ్గించినవాళ్లున్నారు, అక్కడికక్కడే 800 మిగిలాయి. శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు కాబట్టి రేటు కాస్త ఎత్తిపెట్టి చెబుతారు, వారం మధ్యలో వేయించుకోండి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో మార్చుకోవడం మాత్రం మరీ గత్యంతరం లేకపోతేనే.

2018లో థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు నగదు సంగతి బాగా తెలిసొచ్చింది. అప్పట్లో మనవాళ్లకు వీసా ఆన్ అరైవల్‌కు, అంటే దిగాక అక్కడే ఇచ్చే వీసాకు, మనిషికి 2,000 బాత్‌లు నగదుగా కట్టాలి. మేం నలుగురం. అంటే ఇమ్మిగ్రేషన్ దాటకముందే 8,000 బాత్‌లు చేతిలో ఉండాలి. మా ముందు ఒక కుటుంబం డాలర్లు చూపిస్తూ బతిమాలుకుంటోంది, పాపం పిల్లలు ఏడుస్తున్నారు. హైదరాబాద్‌లోనే కొన్ని బాత్‌లు కొనుక్కుని వెళ్లాం కాబట్టి మేం గట్టెక్కాం. అప్పటినుంచీ ఏ దేశం వెళ్లినా దిగగానే అవసరమయ్యే నగదు ఆ దేశపు నోట్లలోనే తీసుకెళ్తాను.

థాయ్‌లాండ్‌లో ఏటీఎం ఏదైనా బయటి కార్డు పెడితే 220 బాత్‌లు తీసుకునేది. మీరు రెండు వేలు తీసినా, ఇరవై వేలు తీసినా అదే రుసుము. రెండు వేలు తీస్తే 11 శాతం, ఇరవై వేలు తీస్తే 1.1 శాతం. మా కార్డు బ్యాంకు కూడా తీసిన ప్రతిసారీ రెండు డాలర్ల చొప్పున వేసుకుంది. మొదటి రెండు రోజులూ రెండేసి వేలు తీసుకుంటూ పోయాను. మూడో రోజు లెక్క చూసుకుని ఒకేసారి పెద్ద మొత్తం తీద్దామని క్రాబీలో ఒక మిషన్ దగ్గరికి వెళ్లాను. అక్కడే ఆ ప్రయాణం మొత్తంలోకీ పెద్ద దెబ్బ తగిలింది.

మనదగ్గర చాలా మిషన్లలో కార్డు చేతికి వచ్చాకే డబ్బు వస్తుంది. ఆ మిషన్ ముందు డబ్బు ఇచ్చింది. చేతికి అలవాటు ఉంది కదా, డబ్బు రాగానే పని అయిపోయినట్టే అనుకుని నోట్లు లెక్కపెట్టుకుంటూ వెనక్కి తిరిగాను. పది అడుగులు వేశాక గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేసరికి కార్డు లోపలికి లాగేసుకుని తెర మళ్లీ మొదటికి వచ్చేసింది. రాత్రి ఎనిమిదైంది. ఆ బ్యాంకు శాఖ మూసేసి ఉంది.

కార్డు ఇచ్చిన రోజు కవర్లో రెండు కార్డులున్నాయి. ఒకటి పోతే రెండోది వాడుకోండని బ్యాంకు అమ్మాయి చెప్పింది. రెండోదాన్ని ఇంట్లో పెట్టేద్దామనుకుంటే మా ఆవిడ వద్దని తన హ్యాండ్‌బ్యాగులో వేరే జిప్పులో వేసుకుంది. హోటల్‌కి వచ్చి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, పాతదాన్ని ఆపించి, కొత్తదాన్ని తెరిపించడానికి నలభై నిమిషాలు పట్టింది. అదే డబ్బు, అదే బ్యాలెన్సు, కార్డు మాత్రం వేరు. మర్నాడు పొద్దున్నే పడవకి టికెట్లు దాంతోనే కొన్నాం. అది నా జీతం ఖాతా డెబిట్ కార్డు అయ్యుంటే ఆ రాత్రి నాకు కునుకు పట్టేది కాదు. ఈ కార్డుకి నేనిచ్చే మార్కుల్లో సగం ఆ రెండో కార్డుకే. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టుకునేవాళ్లు దయచేసి ఇవాళే విడదీయండి.

స్విట్జర్లాండ్ దగ్గర తప్పు నాదే. యూరప్ కదా అని యూరోలు వేయించుకుని వెళ్లాను. స్విట్జర్లాండ్‌లో నడిచేది ఫ్రాంకులు. కార్డులో యూరోలు ఉండి ఫ్రాంకుల్లో ఖర్చు పెడితే క్రాస్ కరెన్సీ ఛార్జీ అని 3.5 శాతం పడింది. క్రెడిట్ కార్డు మార్కప్ తప్పించుకోవడానికే కదా ఈ కార్డు, ఆ మేలంతా అక్కడే ఆవిరైపోయింది. దుబాయ్‌లోనూ ఇదే లెక్క. దిర్హామ్ విలువ 1997 నుంచీ డాలరుకు 3.6725గా కట్టేసి ఉంది, కాబట్టి డాలర్లున్నా దిర్హాములున్నా ఒకటే అనిపిస్తుంది. కానీ కార్డు చూసేది కరెన్సీ పేరు. జగిత్యాల నుంచి వెళ్లి దుబాయ్‌లోని దేరాలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న తమ్ముడొకడు నా రసీదు చూసి, "అన్నా, డాలర్ల కార్డు ఎందుకు గీకుతున్నవ్? దిర్హాములే ఏసుకొని రావాలె గదా" అన్నాడు. ఇన్నేళ్లలో నాకు ఉపయోగపడిన సలహాల్లో ఇది ముందుంటుంది.

ఇటలీలోని మిలన్‌లో ఒక బట్టల షాపులో జరిగింది కూడా చెప్పాలి. 84 యూరోల బిల్లు. కౌంటర్లో కుర్రాడు మిషన్ నా వైపు తిప్పాడు. తెర మీద రెండు గడులు, ఒకదాంట్లో 84 యూరోలు, ఇంకోదాంట్లో 6,970 రూపాయలు. రూపాయలు కనిపించగానే మనసు అటు లాగుతుంది, మన డబ్బు కదా, ఎంతో తెలుస్తుంది కదా అనిపిస్తుంది. ఆ రోజు రేటు ప్రకారం 84 యూరోలంటే 6,600కి కొంచెం అటూ ఇటూ. రూపాయల గడి నొక్కితే 370 దాకా షాపువాళ్లకీ, వాళ్ల బ్యాంకుకీ పోతాయి. ఫారెక్స్ కార్డుకైతే ఇంకా ఘోరం. కార్డులో ఉన్నవి యూరోలు, బిల్లు రూపాయల్లోకి మారుతుంది, మన బ్యాంకు ఆ రూపాయల్ని మళ్లీ యూరోలు చేసి కోస్తుంది. రెండుసార్లు దెబ్బ. ఏటీఎంలలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. ఎక్కడైనా సరే ఆ దేశపు కరెన్సీయే నొక్కండి. షాపువాడు మన తరఫున తానే రూపాయలు నొక్కేస్తే ఆ లావాదేవీ రద్దు చేయించి మళ్లీ గీకమనండి, మొహమాటపడొద్దు.

హోటల్ డిపాజిట్‌కి ఈ కార్డు ఇవ్వొద్దు. సింగపూర్‌లో చెక్ ఇన్ అప్పుడు 200 సింగపూర్ డాలర్లు పట్టి ఉంచారు. ఖాళీ చేసిన రోజే వదిలేశామన్నారు. నా కార్డులోకి అవి మళ్లీ కనిపించడానికి మూడు వారాలు పట్టింది, అప్పటికి మేం హైదరాబాద్ వచ్చేశాం. క్రెడిట్ కార్డులో అయితే పరిమితి కాస్త తగ్గుతుందంతే. ఫారెక్స్ కార్డులో మన చేతి డబ్బే ఇరుక్కుపోతుంది. అద్దె కారుకీ ఇదే.

ఇక ఇప్పుడు నేను చేసేది. మార్కప్ లేని క్రెడిట్ కార్డులు వచ్చాక షాపుల్లో, హోటళ్లలో, రైలు టికెట్లకు అదే వాడుతున్నాను. నిజంగా అదే చౌక. అందుకే మధ్యలో ఫారెక్స్ కార్డు వదిలేద్దామనిపించింది. అయితే క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఆ రోజునుంచే వడ్డీ మొదలవుతుంది, అందుకని నగదుకు ఫారెక్స్ కార్డే. 2024 శరదృతువులో జపాన్ వెళ్లినప్పుడు ఇది బాగా కుదిరింది. అక్కడ సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లో ఉండే ఏటీఎంలు మన కార్డులు తీసుకుంటాయి, అర్ధరాత్రి కూడా. క్యోటోలో చిన్న రామెన్ (నూడుల్స్) హోటళ్లలో గుమ్మం దగ్గరున్న మిషన్లో డబ్బు వేసి టోకెన్ తీసుకోవాలి, కార్డు నడవదు. ఆ ఏడాది జులైలో వాళ్లు కొత్త నోట్లు తెచ్చారు. కొన్ని పాత మిషన్లు కొత్త నోటును తోసేస్తుంటే వెనక నిలబడ్డ ముసలాయన తన పాత వెయ్యి యెన్ల నోటు నాకిచ్చి నా కొత్తది తీసుకున్నాడు.

యూపీఐ సంగతి చాలామంది అడుగుతున్నారు. నేపాల్, భూటాన్, శ్రీలంక, మారిషస్, సింగపూర్, యూఏఈ లాంటి చోట్ల కొన్ని దుకాణాల్లో తీసుకుంటున్నారు, పారిస్‌లో ఈఫిల్ టవర్ టికెట్లకు 2024 నుంచి ఉంది. ఉంటే వాడండి. దాన్నే నమ్ముకుని విమానం ఎక్కకండి.

నిబంధనలు క్లుప్తంగా. ఒక ప్రయాణానికి విదేశీ నోట్లు చాలా దేశాలకు 3,000 డాలర్ల విలువ దాకానే, మిగతాది కార్డులో. విదేశీ డబ్బు కొన్నది ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (కొనేటప్పుడే పట్టుకునే పన్ను), 2025 ఏప్రిల్ నుంచి ఇదీ లెక్క. తిరిగొచ్చాక 2,000 డాలర్ల దాకా మన దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించింది 180 రోజుల్లో అప్పజెప్పాలి. డెబిట్, క్రెడిట్ కార్డులకు విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. మన సిమ్‌కి రోమింగ్ వేయించి, మెసేజ్‌లు వచ్చేలా చూసుకోండి, ఓటీపీ లేకపోతే సగం పనులు ఆగిపోతాయి. నాకు బ్యాంకు మీద ఒక్క ఫిర్యాదుంది: కోవిడ్ రోజుల్లో కార్డు వాడక పక్కన పడేస్తే, వాడనందుకు రుసుమని మిగిలిన డాలర్లలోంచి కోసుకుంటూ పోయారు. ఒక మెసేజ్ కూడా పెట్టలేదు. అది న్యాయం కాదు. మిగిలిన డబ్బు వెనక్కి తీసుకుంటే వాళ్ల కొనుగోలు రేటు తక్కువ, ఉంచితే ఈ కోత. అందుకే ఇప్పుడు అవసరానికి కొంచెం తక్కువే వేయించి, చాలకపోతే అక్కడినుంచే యాప్‌లో ఇంకొంత వేసుకుంటాను.

నా అభిప్రాయం రెండోసారి మారింది అమ్మ వల్ల. చెల్లి డాలస్‌లో ఉంటుంది. అమ్మానాన్నలు ఆరు నెలలకు రాజమండ్రి నుంచి బయల్దేరుతుంటే అమ్మ నాతో, "ఒరే, ప్రతి పెరుగు డబ్బాకీ పిల్ల దగ్గర చెయ్యి చాచాలా నేను?" అంది. మర్నాడే అమ్మ పేరున కార్డు తీసుకుని వెయ్యి డాలర్లు వేయించాను. రెండో కార్డు నాన్న దగ్గర. పిన్ అమ్మే పెట్టుకుంది, నాకు కూడా చెప్పలేదు. చిప్పు వైపు పెట్టడం, పిన్ నొక్కడం, మిషన్ డాలర్లా రూపాయలా అనడిగితే డాలర్లు అనడం, ఈ మూడూ ఇంట్లో కూర్చుని నేర్పాను. పెట్రోలు బంకులో మాత్రం ఒకసారి కుదరలేదు. పంపు దగ్గర మిషన్ అమెరికా చిరునామాలోని పోస్టల్ పిన్‌కోడ్ అడిగింది, మన కార్డుకి అది ఉండదు. బావగారు లోపల కౌంటర్ దగ్గరికి తీసుకెళ్తే నలభై డాలర్లకని చెప్పి అమ్మే కట్టింది. అల్లుడి కారుకి అత్తగారు పెట్రోలు పోయించిందని వారం రోజులు చెప్పుకుంది.

తిరిగొచ్చాక ఒక నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది. ఇండియన్ స్టోర్లో చింతపండు, ఆవాలు 11.60. మనవరాలికి రంగు పెన్సిళ్లు 7.25. గుడి హుండీ 21. అన్నీ తేదీలతో, చివర కార్డులో మిగిలింది 212. యాప్ తెరిచి చూశాను, సెంటు తేడా లేదు. "అవి తియ్యకురా, వచ్చే ఏడు మళ్లీ వెళ్తాంగా, అందులోనే ఉండనీ" అంది. ఏడాది వాడకపోతే రుసుము కోస్తారని చెబితే కాసేపు ఆలోచించి, "అయితే ఆ మిషన్లో ఏదో ఒకటి కొను, ఓ డాలరుది" అంది. అందుకే మొన్న ఆ కార్డుతో ఒక డాలరు ఫోన్ యాప్ ఒకటి కొన్నాను. ఇప్పుడు అందులో 211 ఉన్నాయి, అమ్మ నోట్‌బుక్‌లో కూడా.